ఫోన్ ఎవరి బల్ల మీద ఉంది?

ఆఫీసులో ఫోన్ ఎత్తడాన్ని ఎవరూ పనిగా లెక్కవెయ్యరు. చేసుకునే పని చేసుకుంటూ మధ్యలో ఎత్తేదే గదా అంటారు. ఎవరి పని మధ్యలో ఆగుతోందని అడిగితే మాత్రం చాలాచోట్ల జవాబు ఒక్కటే. కాలేజీ ఆఫీసు, బ్యాంకు, ఆసుపత్రి, మండల కార్యాలయం, యూనివర్సిటీ డిపార్టుమెంటు, ఎక్కడికన్నా వెళ్ళి చూడండి. మగవాళ్ళు నిండిన గదిలో ఒక్క స్త్రీ ఉంటే ఫోన్ ఆమె బల్ల మీదే ఉంటుంది. ఆమె గుమాస్తా కావచ్చు, ఇంజనీరు కావచ్చు, పరిశోధకురాలు కావచ్చు. గంట మోగగానే అందరి తలలూ ఆమె వైపే తిరుగుతాయి.

అలవాటు కొద్దీ జరిగిపోతోందని దీన్ని వదిలెయ్యడానికి లేదు. స్త్రీ నేర్చుకున్న నైపుణ్యాన్ని ఆమె స్వభావంగా మార్చేసి, స్వభావానికి జీతమేమిటని అడిగే పాత పద్ధతికి ఇది ఆఫీసు రూపం. ఇంట్లో వంట విషయంలో మనం ఈ మాట ఎన్నోసార్లు రాశాం. ఫోన్ దగ్గర ఇంకా రాయలేదు. రాయకపోవడానికి కారణం కూడా ఉంది. ఈ పని చేయించుకునేవాళ్ళలో మనమూ ఉన్నాం.

ముందు నా సంగతి చెప్తాను. పిహెచ్‌.డి. అయ్యాక ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనా ప్రాజెక్టులో రెండేళ్ళు పనిచేశాను. గదిలో అయిదు బల్లలు. నలుగురు మగవాళ్ళు, నేను. అందరిదీ ఒకే హోదా, ఒకే ఫెలోషిప్. నేను చేరిన రెండో రోజున, కిటికీ పక్క బల్ల మీద ఉన్న ఫోన్ నా బల్ల మీదికొచ్చింది. వైరు చాలకపోతే మనిషిని పిలిపించి మరీ పొడిగించారు. "ఆడపిల్ల గొంతయితే అవతలివాళ్ళు మర్యాదగా మాట్లాడతారమ్మా" అన్నారు ప్రాజెక్టు చూసే పెద్దాయన. ఆ రెండేళ్ళూ తాళపత్ర ప్రతుల పాఠభేదాలు పోల్చి పట్టికలు వేసే పని చేశాను. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య గంట మోగేది. మళ్ళీ ఆ పంక్తి వెతుక్కుని మొదటినుంచీ చదువుకోవాలి. నలుగురూ తమ పంక్తుల్లోంచి తలెత్తేవాళ్ళు కారు.

ప్రాజెక్టు ముగిశాక అందరికీ సిఫారసు ఉత్తరాలిచ్చారు. వాళ్ళ నలుగురికీ విశ్లేషణా శక్తి, పాఠపరిష్కరణలో పట్టు. నాకు సౌమ్యమైన మాట, కలుపుగోలుతనం. పట్టికల్లో సగం నావే అన్న ముక్క ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగితే, "మంచి మాటే గదమ్మా రాసింది" అన్నారు. ఆ ఉత్తరం పట్టుకుని తరవాత ఒక ఉద్యోగానికి వెళ్తే, పరిశోధన గురించి రెండు ప్రశ్నలు వేసి, "ఆఫీసు వ్యవహారాలు కూడా చూసుకోగలరా?" అన్నారు. ఒక ఫోన్ బల్ల మారితే మనిషి పరిచయం ఇంతగా మారుతుంది.

సరే, ఆ ఫోన్ దగ్గర మనిషి నిజంగా చేసేదేమిటో చూద్దాం. గొంతు ఒక్కటే చాలేట్టయితే ఇంత రాయనక్కరలేదు.

రిసీవర్ ఎత్తగానే వినిపించే గొణుగుడు డయల్ టోన్. ఎక్స్ఛేంజి మన నంబరు కోసం ఎదురుచూస్తోందని దానర్థం. కానీ ఆఫీసు ఫోన్లో ముందు వినిపించేది ఆఫీసులోని చిన్న ఎక్స్ఛేంజి డయల్ టోన్. సున్నాయో తొమ్మిదో నొక్కితే బయటి లైను దొరికి రెండో డయల్ టోన్ వస్తుంది. సున్నా నొక్కగానే ఎంగేజ్‌డ్ వచ్చిందంటే అవతలి మనిషి మాట్లాడుతున్నాడని కాదు, మన బయటి లైన్లన్నీ మనవాళ్ళే పట్టుకున్నారని. నంబరంతా నొక్కాక వచ్చే ఎంగేజ్‌డ్ వేరు. అందులోనూ రెండు రకాలున్నాయి. మన దేశపు టెలిఫోన్లలో 400 హెర్ట్జ్ మోత 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంటే అవతలి ఫోన్ వాడకంలో ఉందని అర్థం. అదే మోత 0.25 సెకను మోగి 0.25 సెకను ఆగుతూ తొందరపడుతుంటే దారిలో రద్దీ అని, అవతలి మనిషి దాకా మన కాల్ వెళ్ళనే లేదని అర్థం. మొదటిదానికి కాసేపు ఆగాలి. రెండోదానికి వెంటనే మళ్ళీ చెయ్యొచ్చు. చాలా ఆఫీసు ఎక్స్ఛేంజీల్లో లోపలి కాల్‌కి గంట ఒంటిగా, బయటి కాల్‌కి జంటగా మోగుతుంది. ఎత్తకముందే ఏ గొంతుతో పలకాలో ఆ గంటను బట్టి తేల్చుకోవాలి. మాట్లాడుతుండగా మధ్యలో చిన్న బీప్ వస్తే ఇంకొకరు క్యూలో ఉన్నారు. డయల్ టోన్ తునకలు తునకలుగా వస్తే మెసేజ్ ఉందనో, కాల్స్ వేరే బల్లకి మళ్ళించి ఉన్నాయనో గుర్తు. కాల్ ఇంకొకరికి కలిపేటప్పుడు ఫ్లాష్ బటన్ ఎంతసేపు నొక్కాలో వేలికి తెలియాలి. ఎక్కువసేపు నొక్కితే లైను తెగిపోతుంది.

ఇవన్నీ రెండు సెకన్లలో విని, తేల్చి, "సార్, లైన్లు రద్దీగా ఉన్నాయి, అయిదు నిమిషాల్లో మళ్ళీ చేస్తాను" అని ఆమె చెప్తుంది. లోపలి గదిలోంచి, "బిజీయా? ఎవరితో మాట్లాడుతున్నాడంట?" అని కేక. ఆ ఇద్దరిలో సాంకేతిక జ్ఞానం ఎవరిదో, అజ్ఞానం ఎవరిదో ఉద్యోగ హోదాల పట్టిక చెప్పదు.

ఈ టోన్ల చరిత్ర కొంచెం తెలుసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. టెలిఫోన్ వచ్చిన కొత్తల్లో టోన్లు లేవు, మనుషులే ఉన్నారు. మొదట్లో ఎక్స్ఛేంజీల్లో కుర్రాళ్ళని పెట్టారు. వాళ్ళు వినియోగదారులతో పెడసరంగా మాట్లాడుతున్నారని 1878 సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్‌ని తీసుకున్నారు. టెలిఫోన్ ఆపరేటరు అయిన తొలి స్త్రీ ఆమె. ఆ తరవాత ఆ పని స్త్రీలదైపోయింది. మెత్తని గొంతు ఒక కారణం, తక్కువ జీతం ఇంకో కారణం. మొదటిదాన్నే పైకి చెప్పుకున్నారు. మన దేశంలో 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు వచ్చాయి.

ఇక ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి పుట్టుక గురించి అందరూ ఇష్టంగా చెప్పుకునే కథ ఒకటుంది. కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రోజర్, పోటీ వ్యాపారి భార్య ఎక్స్ఛేంజీలో కూర్చుని తనకు రావలసిన కాల్స్ భర్తకి మళ్ళిస్తోందని అనుమానపడి, ఆపరేటరు అక్కర్లేని స్విచ్ కనిపెట్టాడట. 1891లో దానికి పేటెంటు వచ్చింది. ఒక గొప్ప ఆవిష్కరణకి మూలం చెప్పమంటే ఒక ఆడదాని మీద అనుమానాన్ని చూపించే ఈ కథ నూరేళ్ళకు పైగా నవ్వుతూ చెప్పుకుంటున్నారు. మన దేశంలో మొదటి ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది. ఆపరేటరుతో పనిలేకుండా నేరుగా దూరపు ఊరికి చేసే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది.

ఆపరేటరు పోయినచోటల్లా టోన్ వచ్చింది. ఆమె "నంబర్ ప్లీజ్" అనేచోట డయల్ టోన్. "ఎంగేజ్‌డండీ" అనేచోట ఎంగేజ్‌డ్ టోన్. "రింగవుతోంది, ఉండండి" అనేచోట మనకి వినిపించే జంట మోత. టోన్లన్నీ ఒకప్పుడు స్త్రీలు రోజుకి వందలసార్లు పలికిన మాటలు. ఆ మాటల్ని యంత్రం తీసుకుంది. వాటిని విని అర్థం చేసుకుని పై అధికారికి విప్పిచెప్పే పని మళ్ళీ స్త్రీ బల్ల మీదికే వచ్చింది. ఆపరేటరుకి ఆ పని పేరుతో జీతం, సెలవులు, యూనియన్ ఉండేవి. ఇప్పుడు ఔట్‌సోర్సింగ్ మీద వచ్చే అమ్మాయి నియామకపత్రంలో డేటా ఎంట్రీ అని ఉంటుంది, ఫోన్ సంగతి ఒక్క అక్షరం ఉండదు. ఆమె మీద వచ్చే ఫిర్యాదులు మాత్రం ఫోన్ గురించే ఉంటాయి.

"గొంతు దేవుడిచ్చింది, దానికి నేర్పేముంది" అనేవాళ్ళకి మా ఊరి పేరుతోనే జవాబు చెప్తాను. మాది కృష్ణా జిల్లా ఘంటసాల. ఎక్కడికి వెళ్ళి ఆ మాట చెప్పినా, "గాయకుడి ఊరా?" అంటారు. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, ఘంటసాల ఆయన ఇంటిపేరు. అయినా ఆ పేరు వినగానే తెలుగువాళ్ళకి ఒక గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు గురించి మాట్లాడేటప్పుడు స్వభావమని ఎవరూ సరిపెట్టరు. విజయనగరం సంగీత కళాశాలలో చదువు చెప్తారు, పడ్డ కష్టాలు చెప్తారు, సాధన చెప్తారు. చెప్పాలి కూడా. మగవాడి గొంతు వెనక సాధన ఉందని ఇంత సులభంగా ఒప్పుకునే మనం, రోజంతా వందమందితో మాట్లాడి సాయంత్రానికి బొంగురుపోయే ఒక గుమాస్తా గొంతును మాత్రం పుట్టుకతో వచ్చిన తీపి అని ఎందుకంటున్నాం? కోపగించుకున్నవాడికి కోపం రాకుండా జవాబివ్వడం తీపి కాదు. అది శ్రమ. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే విమాన పరిచారికల మీద పుస్తకం రాసి, చిరునవ్వును జీతానికి అమ్ముకునే పనికి పేరు పెట్టింది. మనం ఆ పుస్తకాన్ని పాఠంగా చెప్తూనే ఉన్నాం, పక్క గదిలో ఫోన్ మోగుతూనే ఉంది.

సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఇంకో మాట. కబురు మోసే స్త్రీ మన సాహిత్యానికి కొత్త కాదు. మా ఊరికి దగ్గరలోనే మొవ్వ. క్షేత్రయ్యది ఆ ఊరంటారు, మువ్వగోపాల ముద్ర అక్కడిదే. ఆ పదాల్లో నాయిక తన బాధ చెప్పుకునేది సఖితోనే. సఖి వినాలి, వెళ్ళాలి, చెప్పాలి, ఆయన ఏమన్నాడో పొల్లుపోకుండా తిరిగొచ్చి చెప్పాలి. నాయికల్ని స్వీయ, పరకీయ, సామాన్య అని, అష్టవిధ నాయికలని ఎంత సూక్ష్మంగా విభజించుకున్నామో! దూతికల్ని కూడా రకాలు చేశారు, కానీ ఎవరి పనికి ఎవరు తగుదురన్న లెక్కలోనే చేశారు. ఆమెకి కాళ్ళు నొచ్చాయా అన్న ప్రశ్న ఏ లక్షణకర్తకీ రాలేదు.

ఒక్క చోట ఆ ప్రశ్న వచ్చింది. మొవ్వ పక్కనే కూచిపూడి. భామాకలాపంలో సత్యభామ కృష్ణుడికి లేఖ రాసి మాధవి చేతికివ్వబోతే, మాధవి ఊరికే వెళ్ళనంటుంది. నాకేమిస్తావని అడుగుతుంది. బేరం నగల మీదుగా సాగి ముక్కెర దాకా వెళ్తుంది. తెలుగులో కబురు మోసే స్త్రీ తన పనికి వెల కట్టి అడిగిన గట్టి సన్నివేశం అది. ప్రేక్షకులు దాన్ని హాస్యంగా తీసుకుని నవ్వుతారు. సంప్రదాయంలో మాధవి పాత్రని సూత్రధారుడే వేసేవాడు, అంటే కూలి అడిగే ఆ గొంతు కూడా మగవాడిదే. పరిశోధకులు సత్యభామ జడ మీద రాసిన పేజీల ముందు మాధవి బేరం మీద రాసినవి ఏపాటి?

సంకేతాలు చదవడం విద్యేనని డెల్టాలో పుట్టినవాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కరలేదు. తుపాను వస్తోందంటే మచిలీపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని మొదట అడుగుతాం. ఒకటి, రెండు దూరంగా ఉన్న ముప్పుకి. మూడు, నాలుగు రేవుకి దగ్గరలోని వాతావరణానికి. అయిదు నుంచి ఏడు ప్రమాదం. ఎనిమిది నుంచి పది పెను ప్రమాదం. పదకొండోది అన్నిటికన్నా భయంకరమైనది. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దానర్థం. నిశ్శబ్దానికి కూడా ఒక నంబరిచ్చారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచి 10,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, లోపల ఏం జరిగిందో బయటివాళ్ళకి తెలియడానికే సమయం పట్టింది. రిసీవర్ ఎత్తితే ఏ మోతా లేకపోవడం ఎంత పెద్ద వార్తో మా వైపు పెద్దవాళ్ళకి అలా తెలిసింది. రేవులో జెండాలు, దీపాలు చదివే ఉద్యోగానికి పేరుంది, శిక్షణ ఉంది, జీతముంది. ఫోన్లో మోతలు చదివేదానికి ఈ మూడూ లేవు.

ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ విద్య లేదనుకునేరు. తొంభైల్లో మా వీధికంతటికీ ఒక్క ఇంట్లోనే ఫోన్. వీధిలో అందరూ ఉత్తరాల మీద, పెళ్ళి కార్డుల మీద ఆ నంబరే వేసుకుని పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళు. ఎవరికి ఫోనొచ్చినా ఆ ఇంటి అత్తయ్యే వాకిట్లోకొచ్చి కేకేసేది. మా ఇంటికి ఫోనొచ్చాక రింగులకి ఒక భాష పుట్టింది. బందరు వెళ్ళినవాళ్ళు ఒక్క రింగిచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరినట్టు. రెండిచ్చి పెట్టేస్తే మనం తిరిగి చెయ్యాలి. పైసా ఖర్చు లేకుండా ఎక్స్ఛేంజి గంటలతో మాట్లాడుకునే ఈ లిపిని మా ఇంట్లో తయారుచేసింది మా అమ్మ, పిన్ని. వాళ్ళనెవరూ సాంకేతిక నిపుణులనలేదు, పిసినారులన్నారు.

ఫోన్ దగ్గర మనిషి మీద పడే నిందల్లో ఎక్కువగా వినిపించేది "ఎంతసేపు మోగినా ఎత్తరు" అన్నది. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఫోన్ చేసినవారికి చెవిలో వినిపించే మోత అవతలి గదిలో మోగుతున్న గంట కాదు. గంట కొట్టడానికి ఎక్స్ఛేంజి అటు వేరే విద్యుత్తు పంపుతుంది, ఇటు మన చెవికి వేరే టోన్ వినిపిస్తుంది. అవతల గంట చెడిపోయి మూగగా ఉన్నా మనకి మాత్రం మోగుతున్నట్టే వినిపించవచ్చు. అక్కడ ఆమె ఇంకో ఫోన్లో ఉందో, అధికారి పిలిస్తే లోపలికి వెళ్ళిందో, బాత్రూముకి వెళ్ళడానికి పొద్దుటినుంచీ ఖాళీ దొరక్క అప్పుడే లేచిందో ఆ టోన్ చెప్పదు. మనం మాత్రం దాన్ని విని ఆమె బద్ధకం మీద తీర్పు చెప్పేస్తాం.

ఇక మన సంగతి. మనం స్త్రీవాదులం, అధ్యాపకులం, రచయిత్రులం. మనలో ఎంతమందిమి "నేను లేనని చెప్పమ్మా" అని ఆ అమ్మాయితో అనడం లేదు? మనకు తీరిక కావాలి, న్యాయమే. కానీ ఆ అబద్ధాన్ని మన తరఫున ఆమె నోటితో ఆడిస్తున్నాం. అవతలివాడు నమ్మకపోతే తిట్లు తినేది ఆమె. తరవాత నిజం బయటపడితే మాట పోయేది ఆమెది. మనకంటూ ఒక గది కావాలని రాసుకున్న మనం, ఆ గది తలుపు దగ్గర ఇంకో స్త్రీని కాపలా కూర్చోబెట్టాం. మగ అధికారి చేస్తే పితృస్వామ్యం, మనం చేస్తే పని ఒత్తిడి అనుకోవడం కుదరదు. ఆ కుర్చీలో కూర్చునే అమ్మాయి కులమేమిటో, ఏ ఊరినుంచి బస్సెక్కి వస్తోందో, "లేనని చెప్పు" అనే మన కులమేమిటో కూడా ఒకసారి చూసుకుంటే ఈ మాట ఇంకా పదునెక్కుతుంది.

ల్యాండ్‌లైన్ల కాలం పోయింది, ఇప్పుడిదంతా ఎందుకని ఒకరడగవచ్చు. నిజమే, 2020 జనవరి ఆఖరున ఒక్క రోజున బి.ఎస్.ఎన్.ఎల్. నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో వెళ్ళిపోయారు. కానీ ఆఫీసు బల్ల మీద ఫోన్ పోలేదు. రాగితీగకి బదులు ఇంటర్నెట్ తీగ వచ్చింది. కొత్త యంత్రాలు కూడా పాత డయల్ టోన్‌నే తయారుచేసి వినిపిస్తున్నాయి, ఎందుకంటే ఏ మోతా లేకపోతే మనిషి ఫోన్ పాడైందనుకుంటాడు. ఆపరేటరు గొంతు కూడా తిరిగొచ్చింది, రికార్డయి. లైన్లన్నీ బిజీగా ఉన్నాయని, వేచి ఉండమని చెప్పడానికి ఎక్కువచోట్ల స్త్రీ గొంతునే ఎంచుకుంటున్నారు. ఆ గొంతుకి అలసట లేదు, పేరూ లేదు. సజీవమైన స్త్రీ కూడా అలాగే ఉండాలని కోరుకోవడానికి మనకదొక అలవాటుగా మారింది. సెల్‌ఫోన్లు వచ్చాక డిపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మీటింగు సంగతి గుర్తుచేసేదెవరు, రానివాళ్ళకి విడిగా ఫోన్ చేసేదెవరు? యంత్రం మారింది, బల్ల మారలేదు.

జాలి అక్కర్లేదు, మహిళా దినోత్సవం నాడు పువ్వూ అక్కర్లేదు. కావలసినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ పనిని ఉద్యోగ బాధ్యతల పట్టికలో రాయాలి. రాసినదానికి సమయం, జీతం కేటాయించాలి. ఒకే హోదాలో ఉన్నవాళ్ళ గదిలో ఫోన్ వారానికొక బల్ల మీద ఉండాలి, మగవాళ్ళ గొంతులు కూడా మర్యాద నేర్చుకోగలవు. కొత్తగా చేరినవారికి, స్త్రీ అయినా పురుషుడైనా, టోన్లు, కాల్ కలపడం, మళ్ళించడం ఒక పూట కూర్చోబెట్టి నేర్పాలి, నేర్పినట్టు కాగితం మీద ఉండాలి. సిఫారసు ఉత్తరం రాసేటప్పుడు స్త్రీ చేసిన పనిని ఆ పని పేరుతోనే రాయాలి. ఆమె మాట ఎంత మెత్తనో దానికి సంబంధించిన విషయం కాదు. తిట్టిన కాల్‌ని పెట్టేసే హక్కు ఫోన్ ఎత్తినవారికి ఉండాలి, పెట్టేసినందుకు సంజాయిషీ అడగకూడదు.

వీటిలో ఏ ఒక్కదానికీ ప్రభుత్వం జీవో ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. మన డిపార్టుమెంటుల్లో, మన పత్రికల ఆఫీసుల్లో, మన సంఘాల గదుల్లో వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టొచ్చు. మాట్లాడే తీరిక లేనివాళ్ళు తమ ఫోన్ తామే ఎత్తి, "ఇప్పుడు మాట్లాడలేను" అని తమ నోటితోనే చెప్పుకోవచ్చు.